ఎంఏ ఇంగ్లీషా, లింగ్విస్టిక్సా? శ్రీకాకుళం నుంచి వెళ్లేవాళ్లకి సలహా కావాలి

నాగావళి_ఒడ్డు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో బీఏ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మేజర్ ఇంగ్లీష్. మాది ఆమదాలవలస దగ్గర చిన్న ఊరు, పదో తరగతి వరకు తెలుగు మీడియమే. డిగ్రీలో ఫొనెటిక్స్, అంటే పలికే ధ్వనుల యూనిట్ వచ్చినప్పుడు క్లాసులో చాలామంది "ఈ గుర్తులన్నీ ఎవరు బట్టీ పడతారు" అని వదిలేశారు. నాకు మాత్రం సిలబస్‌లో లేని భాగం కూడా చదవాలనిపించింది. మా మేడమ్ అది గమనించి ఎంఏకి లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రం వైపు చూడమన్నారు.

ఇంట్లో లెక్క వేరు. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ దగ్గరే ఉంది కదా, అక్కడ ఎంఏ ఇంగ్లీష్ చేసి, బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. వాళ్ల మాట తీసెయ్యలేను. నా వెనక తమ్ముడి చదువు కూడా ఉంది.

ఈ రెండు కోర్సులకీ అసలు తేడా ఏమిటి? లింగ్విస్టిక్స్ చదివినవాళ్లు తర్వాత ఏం చేస్తారు? మా యాసతో మాట్లాడే నాలాంటివాళ్లు ఆ క్లాసుల్లో నెగ్గుకురాగలరా? మూడోది తలుచుకుంటేనే టెన్షన్ వస్తోంది. చదివినవాళ్లు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి.

గంటస్తంభం

చెల్లీ, నేను ఎంఏ ఇంగ్లీష్ చేసి విజయనగరంలో డిగ్రీ పిల్లలకి పాఠాలు చెప్తున్నాను. మొదటి ప్రశ్న వరకు నేను చెప్తాను.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎంఏ ఇంగ్లీష్ అంటే చాలావరకు సాహిత్యమే. చాసర్ దగ్గర మొదలుపెట్టి షేక్‌స్పియర్, మిల్టన్, రొమాంటిక్ కవులు, విక్టోరియన్ నవల, ఆ తర్వాత అమెరికన్ సాహిత్యం, మనవాళ్లు ఇంగ్లీషులో రాసింది, విమర్శ సిద్ధాంతాలు. మధ్యలో ఒకటో రెండో పేపర్లు భాష మీద వస్తాయి. ఇంగ్లీష్ ఎలా పుట్టి పెరిగింది, ధ్వనులు, వ్యాకరణం, క్లాసులో ఇంగ్లీష్ ఎలా బోధించాలి అన్నవి అందులో ఉంటాయి.

లింగ్విస్టిక్స్‌లో ఈ ఒకటి రెండు పేపర్లే మొత్తం చదువు అవుతాయి. ధ్వని, పదం, వాక్యం, అర్థం, ఒక్కోదానికి ఒక్కో శాఖ. ఆపైన భాషల చరిత్ర, సమాజంలో భాష తీరు, పిల్లలు భాష నేర్చుకునే విధానం, ఊళ్లకు వెళ్లి ఇంకా రాతలోకి రాని భాషని రాసుకోవడం. ఇంగ్లీష్ అక్కడ ఎన్నో భాషల్లో ఒకటి మాత్రమే. నీకు కథలూ కవిత్వమూ చదివితే ప్రాణం లేచొస్తుందా, లేక ఒక మాట ఎందుకు అలా పలుకుతున్నారో తెలిస్తే లేచొస్తుందా? అది నువ్వే చూసుకోవాలి. రెండూ ఇష్టమైతే ఎంఏ ఇంగ్లీష్‌లోనే ఉండి భాష వైపు ఐచ్ఛిక పేపర్లు తీసుకోవచ్చు.

భాషా చరిత్ర క్లాసులో మా పిల్లలకి నేను చెప్పే పాఠం ఒకటి ఇక్కడ రాస్తాను. ఇది విని కళ్లు పెద్దవి చేసినవాళ్లే తర్వాత ఇటు వెళ్లారు.

బోర్డు మీద ఒక వైపు పితృ, పాదం, త్రి, దంతం, ద్వి, దశ అని రాస్తాను. రెండో వైపు ఫాదర్, ఫుట్, త్రీ, టూత్, టు, టెన్. మన వైపు 'ప' ఉన్నచోట వాళ్లకి 'ఫ' ఉంది. 'ద' ఉన్నచోట 'ట' ఉంది. ఒకటి రెండు మాటల్లో అయితే ఏదో కలిసిందనుకోవచ్చు, వరసగా వస్తుంటే అలా అనుకోలేం. జర్మనీకి చెందిన యాకోబ్ గ్రిమ్ 1822లో దీన్ని సూత్రంగా రాశాడు. ఇంగ్లీషూ సంస్కృతమూ ఒకే తల్లి నుంచి వచ్చాయనడానికి ఇలాంటి వరసలే సాక్ష్యం. ఆ వెంటనే పిల్లలు అడుగుతారు, మరి తెలుగు సంగతేమిటని. అప్పుడు మన సొంత మాటలు రాస్తాను: అయ్య, అడుగు, మూడు, పన్ను, రెండు, పది. ఇవి ఆ వరసలో ఎక్కడా కూర్చోవు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ ఎల్లిస్ అనే మద్రాసు అధికారి 1816లోనే రాశాడు. ద్రావిడ భాషల మీద బిషప్ కాల్డ్వెల్ రాసిన పేరున్న పుస్తకం 1856లో గానీ రాలేదు.

ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని తెలుగు గురించి ఇంత తెలుసుకోవచ్చని నేను విద్యార్థిగా ఉన్నప్పుడు నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇంత రాశాను.

రాజాం_రోడ్డు

పాఠం బాగుంది సార్. కానీ ఆ అమ్మాయి అడిగింది ఇంటి పరిస్థితి చూసుకుని. నేను ఉద్యోగాల సంగతి చెప్తాను.

స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీష్ పోస్టుకి డిగ్రీలో ఇంగ్లీష్ సబ్జెక్టుగా ఉండాలి, లేదా ఎంఏ ఇంగ్లీష్ ఉండాలి. బీఈడీలో ఇంగ్లీష్ మెథడాలజీ ఉండాలి. జూనియర్ లెక్చరర్ ఇంగ్లీష్‌కి ఎంఏ ఇంగ్లీషే అడుగుతారు. అక్కడికి లింగ్విస్టిక్స్ సర్టిఫికెట్ పట్టుకెళ్తే పనికిరాదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు, వాటిలో లింగ్విస్టిక్స్ అనే సబ్జెక్టే లేదు. ఇంటర్ కాలేజీల్లో లేదు, మన డిగ్రీ కాలేజీల్లోనూ ఆ డిపార్ట్‌మెంట్ కనిపించదు. చదువు మీద ఇష్టం ఉండాల్సిందే, కాదనను. ఇంటికి పెద్దబిడ్డ కాబట్టి ముందు కాళ్ల మీద నిలబడే దారి చూసుకోవాలి. ఎంఏ ఇంగ్లీష్, బీఈడీ. ఇదే నా మాట.

ఆమదాలవలస_నాన్న

మాదీ అక్కడే అమ్మా. మా అబ్బాయికి కూడా ఇలాంటి ప్రశ్నే వచ్చింది, అందుకని చదువుతున్నాను. హైదరాబాద్ పంపిస్తే హాస్టల్ దొరుకుతుందా, నెలకి ఎంత అవుతుంది అన్నది ఎవరైనా చెప్తే మాలాంటి తల్లిదండ్రులకి బాగుంటుంది.

తార్నాక_నుంచి

నాది పలాస దగ్గర. ఇఫ్లూలో, అంటే హైదరాబాద్ ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో లింగ్విస్టిక్స్ చదువుతున్నాను. రాజాం అన్న చెప్పిన రూల్స్ నిజమే. అయితే అందులోనే ఒక సంగతి ఉంది. చెల్లి డిగ్రీలోనే ఇంగ్లీష్ మేజర్ ఉంది కాబట్టి బీఈడీ చేస్తే స్కూల్ అసిస్టెంట్ అర్హత ఎంఏతో పనిలేకుండానే వస్తుంది. ఎంఏ ఏ సబ్జెక్టులో చేసినా ఆ తలుపు మూసుకుపోదు. మూసుకునేది జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ ఇంగ్లీష్ తలుపు. ఆ ఉద్యోగమే కావాలనుకుంటే ఎంఏ ఇంగ్లీషే చెయ్యి, అందులో రెండో ఆలోచన వద్దు. ఏదైనా సరే, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతల పేరా అక్షరం అక్షరం చదవాలి.

ఎక్కడెక్కడ ఉందంటే: మా యూనివర్సిటీ 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఇక్కడ ఇంగ్లీష్, లింగ్విస్టిక్స్, ఇంగ్లీష్ బోధన, మూడూ వేర్వేరుగా చదవొచ్చు. గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాలకి ప్రత్యేక కేంద్రం ఉంది. దూరం వద్దనుకుంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. ఎచ్చెర్లకీ ఆంధ్రాకీ ఏపీ పీజీసెట్ రాయాలి. గచ్చిబౌలికి సీయూఈటీ పీజీ. మా ఇఫ్లూ ప్రకటన మాత్రం విడిగా చూసుకోవాలి. విజయనగరంలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో కూడా ఎంఏ ఇంగ్లీష్ ఉంది.

ఆమదాలవలస బాబాయ్ గారూ, కేంద్రీయ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు మన ప్రైవేటు ఇంజనీరింగ్ ఫీజులతో పోలిస్తే చాలా తక్కువ. ఖర్చంతా మెస్ దగ్గరే. హాస్టల్ సీట్లు మాత్రం అందరికీ మొదటి రోజే దొరకవు, కాబట్టి అడ్మిషన్ రోజునే దరఖాస్తు పెట్టెయ్యాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో ఉండాలి. మన మీసేవ కాగితం ఒక్కటే తెచ్చి ఇబ్బంది పడ్డవాళ్లని చూశాను. ఊరి నుంచి బయల్దేరే ముందే తహసీల్దార్ ఆఫీసులో ఆ ఫారం మీద సంతకం చేయించుకోండి. ట్రైన్ అంటారా, శ్రీకాకుళం రోడ్‌లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి తార్నాక దగ్గరే.

ఆమదాలవలస_నాన్న

చాలా సంతోషం బాబూ. సర్టిఫికెట్ సంగతి మాకు తెలీదు. రేపే వెళ్తాను.

పాలకొండ_గుంట

చెల్లీ, మూడో ప్రశ్నకి నేను చెప్తాను, ఎందుకంటే ఆ టెన్షన్ నేను పడ్డాను.

పెద్ద ఊరు వెళ్లాక నేను "ఏటి" అన్నా "సెప్పినాను" అన్నా పక్కనున్నవాళ్లు మళ్లీ అనమని నవ్వేవారు. సినిమాల్లో కూడా మన మాటని పనిమనిషికో, అమాయకుడికో పెడతారు కదా. దాంతో క్లాసులో నోరు విప్పడం మానేశాను. సోషియోలింగ్విస్టిక్స్, అంటే సమాజంలో భాష తీరు చెప్పే పేపరు మొదలయ్యాక గానీ మళ్లీ మాట్లాడలేదు.

అందులో విలియం లబోవ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త పని ఒకటి చెప్పారు. 1962లో ఆయన న్యూయార్క్‌లో మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లకి, అంటే అన్నిరకాల సరుకులూ అమ్మే పెద్ద దుకాణాలకి వెళ్లాడు. ఒకటి బాగా ఖరీదైనది, ఒకటి మధ్యరకం, ఒకటి చవకది. నాలుగో అంతస్తులో ఏం దొరుకుతుందో ముందే తెలుసుకుని, అది ఎక్కడుంటుందని అక్కడి ఉద్యోగుల్ని అడిగేవాడు. వాళ్లు "ఫోర్త్ ఫ్లోర్" అనాలి. ఆ రెండు మాటల్లో 'ర' పలుకుతున్నారా మింగేస్తున్నారా అన్నదే ఆయనకి కావాలి. వినపడనట్టు మళ్లీ అడిగేవాడు, రెండోసారి వాళ్లు జాగ్రత్తగా పలుకుతారని. ఖరీదైన దుకాణంలో 'ర' ఎక్కువ పలికింది, చవక దుకాణంలో తక్కువ. ఎవరికీ నోరు తిరక్కపోవడం లేదు. ఏ పలుకుకి ఎంత గౌరవమో సమాజం పెట్టిన లెక్క అది. ఇందులో ఇంకో విశేషం ఉంది. న్యూయార్క్‌లో 'ర' పలికితే గొప్ప, లండన్ పెద్దమనుషుల ఇంగ్లీషులో అదే 'ర' పలక్కపోతే గొప్ప. ఆ ధ్వనిలో స్వతహాగా ఏ గొప్పా లేదన్నమాట.

ఆ రోజు హాస్టల్‌కి వచ్చి మా నాన్నమ్మ మాట గుర్తుచేసుకున్నాను. ఆమె "సెప్పు" అంటుంది, "సూడు" అంటుంది, "సేను" అంటుంది. మరి "పచ్చడి"ని "పస్సడి" అనదు. "వచ్చినాడు"ని "వస్సినాడు" అనదు. మాట మొదట్లో ఉన్న ఒంటి 'చ' మాత్రమే 'స' అవుతోంది, ద్విత్వం జోలికి ఆ మార్పు పోవడం లేదు. ఎవరూ నేర్పకుండా ఊరు ఊరంతా ఒకే నియమం తప్పకుండా పాటిస్తోంది. పైన గంటస్తంభం మాస్టారు 'ప', 'ఫ' వరస అని రాశారే, అదే జాతి నియమం ఇది. నా మొదటి సెమినార్ దాని మీదే ఇచ్చాను. నవ్వినవాళ్లే కూర్చుని రాసుకున్నారు.

కాబట్టి యాసతో నెగ్గుకురాగలనా అని అడగొద్దు. నీ యాస నీకు డేటా. మిగతావాళ్లు ఊళ్లు తిరిగి సేకరించుకోవాల్సింది నీ ఇంట్లో ఉంది.

నాగావళి_ఒడ్డు

అక్కా, ఇది చదివి మా అమ్మ పిన్నితో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. "సెరువు" అంది, "సీర" అంది, "మచ్చ"ని మాత్రం "మచ్చ" అనే అంది. ఇన్నేళ్లు వింటున్నాను, ఎప్పుడూ పట్టించుకోలేదు.

యాస భయం తగ్గింది. ఇంకోటి ఉంది. ఇంగ్లీష్ ధ్వనులు నాకు పుస్తకంలో అర్థమవుతాయి, నోటితో రావు. 'పిన్', 'స్పిన్' రెండింట్లో 'ప' వేరని రాసి ఉంది. నాకు రెండూ ఒకటిగానే వినిపిస్తాయి.

బొబ్బిలి_వీణ

దీనికి ఇంట్లోనే పరీక్ష ఉంది. పలచటి కాగితం ముక్క, టిష్యూ పేపరైతే ఇంకా మంచిది, పెదాలకి దగ్గరగా వేలాడదీసి పట్టుకో. ఇంగ్లీష్ వాళ్లు మాట్లాడిన రికార్డింగ్ ఏదైనా విని, వాళ్లలాగే 'పిన్' అను. కాగితం ఎగరాలి. ఎగరకపోతే నువ్వు తెలుగు 'ప' పలికినట్టు. ఇప్పుడు 'స్పిన్' అను. కాగితం కదలకూడదు. ఇంగ్లీషులో మాట మొదట నొక్కి పలికే 'ప', 'ట', 'క' వెనక చిన్న ఊపిరి వస్తుంది. 'స' తర్వాత ఆ ఊపిరి రాదు.

నీకు రెండూ ఒకటిగా వినిపించడానికి కారణం చెవి లోపం కాదమ్మా. ఇంగ్లీష్ వాళ్లకి కూడా ఆ తేడా వినిపించదు, వాళ్ల నోరు తెలియకుండానే చేసేస్తుంది. ఆ ఊపిరి ఉన్నా లేకపోయినా వాళ్ల భాషలో అర్థం మారదు గనక. తెలుగులో మాత్రం 'పలం' వేరు, 'ఫలం' వేరు అని రాతలో తేడా పెట్టుకున్నాం, మాటలో చాలామంది వదిలేస్తారు. ఏ తేడా అర్థాన్ని మారుస్తుంది, ఏది మార్చదు అన్న ఈ ఒక్క విషయం చుట్టూనే ఫొనాలజీ, అంటే భాషలో ధ్వనుల ఏర్పాటు చదివే శాఖ అంతా తిరుగుతుంది. గుర్తులు బట్టీ పట్టడం ఆ తర్వాత సంగతి.

మనవాళ్లకి నిజంగా కష్టం వచ్చేది హల్లుల దగ్గర కాదని నా అభిప్రాయం. పదంలో ఏ భాగం నొక్కాలో అక్కడ వస్తుంది. 'ఫోటోగ్రాఫ్'లో మొదటి భాగం నొక్కుతారు. 'ఫటాగ్రఫర్'లో రెండోది. 'ఫోటోగ్రాఫిక్'లో మూడోది. నొక్కని చోట అచ్చు నీరసపడి 'అ'కి దగ్గరగా వచ్చేస్తుంది. తెలుగులో ప్రతి అక్షరానికీ దాదాపు సమాన మర్యాద ఇస్తాం కాబట్టి మన ఇంగ్లీష్ విన్నవాళ్లకి అన్నీ నొక్కినట్టు వినిపిస్తుంది. మాట మొదట 'ఎ' వస్తే ముందు 'య' చేర్చడం, 'ఓ' వస్తే 'వ' చేర్చడం, ఇవి కూడా మన తెలుగు అలవాట్లే. బెంగాలీ వాళ్లకి వేరే ఉంటాయి. బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో 24 హల్లులు, 20 అచ్చు ధ్వనులు, మొత్తం 44 లెక్కపెడతారు. అక్షరాలు మాత్రం 26. ఇబ్బందంతా ఆ మధ్య ఖాళీలో ఉంది.

పరీక్షలో నీ నోరు లండన్ నోరులా ఉందా అని ఎవరూ చూడరు. విన్నది సరిగ్గా గుర్తుల్లో రాయగలవా, ఎందుకలా పలుకుతారో చెప్పగలవా అని చూస్తారు.

గంటస్తంభం

వీణ గారు చెప్పిన ఖాళీకి చరిత్ర కూడా ఉంది. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. అప్పటి నుంచి స్పెల్లింగ్ మెల్లగా గట్టిపడింది. సరిగ్గా ఆ కాలంలోనే దీర్ఘమైన అచ్చులు నోటిలో ఒక మెట్టు పైకి జరిగిపోతున్నాయి, అప్పటికే పై మెట్టున ఉన్నవి రెండు అచ్చుల జోడీగా మారిపోతున్నాయి. ఒకప్పుడు 'నామ' అన్నట్టు పలికినది 'నేమ్' అయింది, 'టీమ' అన్నది 'టైమ్' అయింది. రాత పాతదే మిగిలింది. 'నైట్' (knight) అనే యోధుడి మాటలో ముందున్న 'క' ఒకప్పుడు పలికేవారు. పిల్లలు స్పెల్లింగ్ తప్పు రాస్తే కొట్టే టీచర్లకి ఈ చరిత్ర తప్పకుండా చెప్పాలి.

సీతంపేట_మాస్టారు

ఆలస్యంగా చూశాను. ఏజెన్సీలో సవర గిరిజన పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగం నాది. మీరంతా హైదరాబాద్ గురించీ లండన్ గురించీ రాస్తున్నారు. లింగ్విస్టిక్స్‌కి మన జిల్లాయే ఒక పుట్టిల్లని ఎవరూ అనలేదు.

గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం మహారాజా వారి స్కూల్లో చదివారు. పాతపట్నం దాటగానే వచ్చే పర్లాకిమిడి, ఇప్పుడు ఒడిశాలో ఉంది, అక్కడ 1880లో బడిపంతులుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల భాషకి అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి బడులు పెట్టించారు, వాచకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో అచ్చయింది, సవర-ఇంగ్లీష్ నిఘంటువు 1938లో వచ్చింది. ఈ రోజుకీ సవర చేరే ముండా శాఖ భాషల మీద పని చేసేవాళ్లు ఆ పుస్తకాలు తీయకుండా ముందుకి వెళ్లలేరు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, ఆయన పుట్టినరోజు కాబట్టి. ఆ సభల్లో వాడుక భాష ఉద్యమం గురించి మాట్లాడతారు, అది మాట్లాడాల్సిందే. సవర పని గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెడతారు. నాకది బాధగా ఉంటుంది.

ఆ భాష ఎంత గొప్పదో రెండు ముక్కల్లో చెప్తాను. సవర తెలుగుకి చుట్టం కాదు. ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలో ముండా శాఖకి చెందినది, దూరపు బంధువులు కంబోడియా ఖ్మేర్, వియత్నామీస్. సవరలో క్రియాపదం లోపలికి నామవాచకం చొరబడుతుంది. "పులి నిన్ను పట్టుకుంటుంది" అన్న వాక్యం మొత్తం ఒకే మాటగా అంటారు. పట్టుకోవడం, పులి, కాలం, నిన్ను, అన్నీ అందులోనే. లోపలికి వెళ్లినప్పుడు నామవాచకం తన పొడుగు రూపం వదిలి పొట్టి రూపం వేసుకుంటుంది. ప్రపంచంలో భాషాశాస్త్రం చదివేవాళ్లు ఈ సంగతి పాఠ్యపుస్తకంలో చదువుతారు. మా మూడో తరగతి పిల్లాడు మధ్యాహ్న భోజనం లైన్లో నిలబడి దాన్ని అలవోకగా వాడతాడు.

అలాంటి పిల్లాడు మొదటిరోజు బడికి వస్తే ఎదురుగా తెలుగు, ఆ పక్కన ఇంగ్లీష్. రెండూ వాడికి పరాయివే. తెలుగు వచ్చినట్టే లెక్కేసుకుని ఇంగ్లీష్ మొదలుపెడతాం. వాడు పలకకపోతే మొద్దు అని రాసేస్తారు. భాషాశాస్త్రం తెలిసిన టీచరైతే ఏ ధ్వని వాడి భాషలో లేదు, ఏ వాక్యక్రమం వాడికి కొత్త అని చూసి, అక్కడి నుంచి మొదలుపెడుతుంది. రాజాం బాబూ, లింగ్విస్టిక్స్‌కి పోస్టు లేదన్నారు, నిజమే. ఆ చదువు చదివి బీఈడీ చేసిన ఇంగ్లీష్ టీచరు ఒక్కరు మా మండలానికి వస్తే ఏమవుతుందో కూడా ఆలోచించండి.

సవర ఒక్కటే కాదు. కువి, గదబ, కొండ భాష ఉన్నాయి. కొండ భాష మీద భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లో పుస్తకం వేశారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, పెన్సిల్వేనియాలో పరిశోధన చేసి, ఉస్మానియాలో 1962లో లింగ్విస్టిక్స్ శాఖ పెట్టిన మనిషి మన కొండలకి వచ్చి కూర్చున్నారు. మనం ఇక్కడే పుట్టాం.

రాజాం_రోడ్డు

మాస్టారూ, మీరు చెప్పింది కాదనలేను. నా మాట ఇంటి బరువు మోసేవాళ్ల కోసం. తార్నాక తమ్ముడు అన్నట్టు డిగ్రీతోనే స్కూల్ అసిస్టెంట్ అర్హత ఉంటే, ముందు బీఈడీ చేసి ఉద్యోగం చూసుకుని తర్వాత లింగ్విస్టిక్స్ చదవచ్చు కదా. అప్పుడు ఇంటికీ ఇబ్బంది ఉండదు.

తార్నాక_నుంచి

చదవచ్చు. ఉద్యోగంలో చేరాక సెలవు పెట్టి రెండేళ్లు హాస్టల్‌కి వచ్చేవాళ్లు చాలా తక్కువ అన్నా, అదొక్కటే నా సందేహం. ఆడపిల్లలకి మరీ కష్టం.

టీచింగ్ కాకుండా వేరే దారులు కూడా చెప్తాను. యూజీసీ నెట్ పరీక్షలో ఇంగ్లీష్, లింగ్విస్టిక్స్ వేర్వేరు సబ్జెక్టులు. జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధనకి నెలనెలా ఫెలోషిప్ ఉంటుంది. మైసూరులో 1969 నుంచి భారతీయ భాషల కేంద్ర సంస్థ ఉంది, అక్కడ ప్రాజెక్టుల్లో భాషలవారీగా మనుషుల్ని తీసుకుంటారు. మనిషి మాటని కంప్యూటర్‌కి నేర్పించే పని పెరిగింది. 2022లో కేంద్రం భారతీయ భాషల అనువాదం కోసం భాషిణి అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో భాషా సాంకేతికత మీద ఎప్పటి నుంచో పని నడుస్తోంది. తెలుగు వాక్యాన్ని విడగొట్టి గుర్తులు పెట్టడానికి, రికార్డింగ్ విని రాయడానికి వ్యాకరణం తెలిసిన తెలుగువాళ్లు కావాలి. అయితే ఇవి చాలావరకు కాంట్రాక్టు పనులు, పర్మనెంట్ అనుకుని రావద్దు. కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే మాత్రం అవకాశాలు పెరుగుతాయి.

మొదటి సెమిస్టర్ ఎలా ఉంటుందో కూడా తెలియాలి. నాలాంటి తెలుగు మీడియం వాళ్లకి చదవాల్సిన పేజీలు చూస్తే గుండె జారుతుంది. ఒక వ్యాసం అర్థం కావడానికి రాత్రంతా పట్టేది. సింటాక్స్, అంటే వాక్య నిర్మాణం క్లాసే నన్ను నిలబెట్టింది. 1957లో అమెరికన్ భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ మొదలుపెట్టిన పద్ధతిలో వాక్యాన్ని చెట్టుబొమ్మగా గీయాలి. మా సార్ ఎవరి భాషలో వాళ్లని ఉదాహరణ తెమ్మన్నారు. నేను "నిన్న వచ్చిన అబ్బాయి పుస్తకం" అని తీసుకెళ్లాను. నిన్న వచ్చింది అబ్బాయా, పుస్తకమా? రెండు అర్థాలు, రెండు చెట్లు. 'నిన్న వచ్చిన' అన్న కొమ్మ ఎక్కడ తగిలిస్తే అర్థం అటు పోతుంది. బోర్డు మీద గీసినప్పుడు ఇంగ్లీష్ తడబడింది గానీ చెట్టు తడబడలేదు. అక్కడి నుంచి చదవడం కూడా వేగం అందుకుంది.

పాలకొండ_గుంట

చెల్లీ, ఎంట్రన్స్‌కి వ్యాకరణ పజిల్స్ అలవాటు చేసుకో. తెలియని భాషలో పది మాటలు, వాటి అర్థాలు ఇచ్చి, బహువచనం ఎలా వస్తోందో చెప్పమంటారు. జవాబు ముందే తెలిసి ఉండక్కర్లేదు, పక్కపక్కన పెట్టి చూడగలిగితే చాలు. నీకు అది వచ్చు, అమ్మ మాట విని పట్టుకున్నావు కదా.

నాగావళి_ఒడ్డు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ రోజు ఇంట్లో కూర్చుని నాన్నతో మాట్లాడాను. ఆమదాలవలస బాబాయ్ గారి ప్రశ్న, తార్నాక అన్న జవాబు రెండూ చదివి వినిపించాను. బీఈడీ అర్హత పోదని తెలిశాక నాన్న మెత్తబడ్డారు. పీజీసెట్, సీయూఈటీ పీజీ, ఇఫ్లూ, మూడింటికీ అప్లై చేస్తాను. లింగ్విస్టిక్స్‌లో హాస్టల్‌తో సీటు వస్తే వెళ్తాను. రాకపోతే ఎచ్చెర్లలో ఎంఏ ఇంగ్లీష్ చేస్తూ భాష పేపర్లు తీసుకుంటాను. ఏది అయినా తర్వాత బీఈడీ చేస్తాను. సీతంపేట మాస్టారి మాట నా మనసులో ఉంది.

ఈలోగా మా అమ్మమ్మ మాటలు రికార్డు చేద్దామనుకుంటున్నాను. ఆమెకి పొలం పని మాటలన్నీ వచ్చు, మాకు ఎవరికీ రావు. ఫోన్‌లో చేస్తే పనికొస్తుందా?

సీతంపేట_మాస్టారు

తప్పకుండా చెయ్యి తల్లీ. కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయం మాటలదే. లైబ్రరీలో దొరికితే అందులో మన జిల్లా మాటలతో మీ అమ్మమ్మ మాటలు పోల్చుకో. ఏవి మిగిలాయో, ఏవి పోయాయో తెలుస్తుంది.

బొబ్బిలి_వీణ

ఫోన్ చాలు. ఎంపీ3లో కాకుండా వేవ్ ఫైల్‌గా దాచే యాప్ పెట్టుకో, ధ్వనిని తర్వాత కొలవడానికి అదే పనికొస్తుంది. ఫ్యాన్ ఆపెయ్యి. రికార్డింగ్ మొదట్లోనే తేదీ, ఊరు, ఆమె వయసు నీ నోటితో చెప్పు, ఫైల్ పేరు మారిపోయినా పోదు. ఎందుకు చేస్తున్నావో ముందే చెప్పి ఒప్పుకుంటేనే మొదలుపెట్టు. "దీన్ని ఏమంటారు" అని వరసగా అడిగితే ముసలివాళ్లు నీ కోసం పుస్తకం మాట వెతుకుతారు. నాట్లు ఎలా వేసేవారో మొదటి నుంచి చెప్పమను, మాటలు వాటంతట అవే వస్తాయి. తెలియనిది వస్తే మధ్యలో ఆపొద్దు, కాగితం మీద టైమ్ రాసుకుని చివర్లో అడుగు.

నాగావళి_ఒడ్డు

సరే అక్కా. ఆదివారం వెళ్తున్నాను. రాసుకున్నది ఇక్కడే పెడతాను, తప్పులుంటే సరిదిద్దండి.